ఛాతీ డాక్టరు ఇంట్లో దగ్గు

పోయిన నెల ఎల్బీ నగర్ రింగురోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాల్లో మా ఆయనతో వైద్యం చదివినవాళ్లంతా కుటుంబాలతో కలుసుకున్నారు. భోజనాలకు ముందు డాక్టర్ల భార్యలందరినీ వేదిక మీదికి పిలిచి, వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి భుజాన ఒక శాలువా కప్పారు. మైకు పట్టుకున్న అమ్మాయి ఈ మహాతల్లుల త్యాగమే లేకపోతే ఈ డాక్టర్లే లేరని చెబుతుంటే, కింద కూర్చున్న తెల్లజుట్టు డాక్టర్లు చప్పట్లు కొట్టారు. మా ఆయన అందరికంటే గట్టిగా కొట్టాడు. నేను వేదిక దిగి, శాలువా మడతపెట్టి పక్క కుర్చీలో పెట్టి, ఇంటికి వచ్చేటప్పుడు అక్కడే వదిలేసి వచ్చాను. మరిచిపోయి కాదు.

ఆ రోజు నా పక్కన ఒక చిన్న పిల్ల కూర్చుంది. మా ఆయన దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకుని, ఆ రోజు ఏర్పాట్లు చూడటానికి వచ్చిన ఒక కుర్ర డాక్టరు భార్య. ఆ అబ్బాయి ఇప్పుడు పీజీ చేస్తున్నాడట, ఈ పిల్ల గ్రూప్స్ పరీక్షలకు చదువుతోందట, ఒళ్లో పాలు తాగే బిడ్డ. బిడ్డను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ, "ఆంటీ, అంకుల్ పీజీ చేస్తున్నప్పుడు మీరు చదువు, ఇల్లు, పిల్ల అన్నీ ఎట్ల బ్యాలెన్స్ చేసిన్రు?" అని అడిగింది. నేను నవ్వి, బిడ్డను అందుకున్నాను. ఆ పాటల రొదలో, పక్కనే మా ఆయన స్నేహితులు వచ్చిపోతుండగా చెప్పగలిగే సమాధానం కాదు అది. కానీ ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. అప్పటి రోజులు మంచివని, మనుషులు మంచివాళ్లని మన ఈడువాళ్లం కలిసినప్పుడల్లా చెప్పుకుంటూ ఉంటాం కదా, నేనూ తల ఊపుతూ ఉంటాను. ఈ ఒక్కసారికి తల ఊపకుండా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తీపి జ్ఞాపకాలు కావాలనుకునేవారు ఇక్కడే ఆగిపోతే మంచిది.

మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. మా నాయిన బస్సు కండక్టరు. నల్గొండ వైపు నుంచి పట్నం వచ్చి తిరిగి వెళ్లే బస్సులోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. నేను బి.ఏ. పూర్తి చేసి, చరిత్రలో ఎం.ఏ. చేసి కాలేజీలో పాఠాలు చెప్పాలని కలలు కంటున్న రోజుల్లో ఈ సంబంధం వచ్చింది. పిల్లాడు అప్పుడే డాక్టరీ ముగించాడు, వాళ్ల వంశంలో మొదటి డాక్టరు. పెళ్లిమాటల్లో మా నాయిన అడిగింది ఒకే ఒక్కటి, మా పిల్ల చదువు ఆపొద్దని. పిల్లాడి అక్క, అంటే మా ఆడబిడ్డ, నవ్వుతూ, మాది చదువుల ఇల్లు, మేమెందుకు ఆపుతాం అన్నది. ఆ మాట అబద్ధం కాదు. ఆ ఇంట్లో చదువంటే దేవుడితో సమానం. అయితే ఆ దేవుడు ఒక్కరి గదిలోనే ఉండేవాడని నాకు తర్వాత తెలిసింది.

మా ఆడబిడ్డ గురించి ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఆమె మీద నాకున్న కోపం మీకు వట్టి ఆడబిడ్డ సాధింపులా కనిపిస్తుంది. వాళ్ల అమ్మ చిన్నప్పుడే పోతే, బడికి పోతున్న ఈమె పుస్తకాలు పక్కన పడేసి తమ్ముణ్ణి చంకనెత్తుకుంది. తాను బడి మానేసింది కాబట్టే తమ్ముడు డాక్టరయ్యాడని ఆమె నమ్మకం, అందులో చాలావరకు నిజం ఉంది. పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక తమ్ముణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుని చదివించింది. ఆమె భర్త కరెంటాఫీసులో పనిచేసేవారు, ఇంట్లో ఆయన గొంతు నేను విన్నది చాలా తక్కువ. ఆమెకు పిల్లలు లేరు, ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మెయిన్ రోడ్డు వెనక సందులో వాళ్ల ఇల్లు, మేడ మీద రెండు గదులు మావి, వంటిల్లు మాత్రం కింద ఒక్కటే.

పెళ్లయిన రెండో ఏడు పాప పుట్టింది. దాని మొదటి పుట్టినరోజు కాకముందే మా ఆయనకు ఛాతీ జబ్బుల పీజీలో సీటు వచ్చింది. మరుసటి ఏడాది నేను దూరవిద్యలో ఎం.ఏ. కట్టాను. ఒకే ఇంట్లో ఇద్దరు విద్యార్థులు, ఇక చూడండి వైభోగం.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. రేడియో ఉండకూడదు. కుక్కరు కూత వేయకూడదు, కూత రాబోయే ముందే పట్టకారుతో విజిలు కొంచెం ఎత్తి ఆవిరి వదలాలి. ఆ విద్య నాకు మా ఆడబిడ్డే దగ్గరుండి నేర్పింది, ఒకసారి ముంజేయి కాలిన మచ్చ ఇంకా ఉంది. పాప ఏడిస్తే చాలు, మెట్ల మీద ఆమె గొంతు, అది కూడా గుసగుసగానే, "వాడు పండుకున్నడు, పిల్లను జర బయటికి తీస్కపో." ఎండనీ వాననీ లేదు, పిల్లను ఎత్తుకుని, సంచిలో పుస్తకం పెట్టుకుని రోడ్డు మీదికి. కొత్తపేట పండ్ల మార్కెట్టు దాకా నడిచి, మూసి ఉన్న ఏ దుకాణం అరుగు మీదో కూర్చుని, పాపకు మెత్తటి పండు ముక్క ఒకటి చేతికిచ్చి, నేను మొఘలుల భూమిశిస్తు విధానం చదువుకునేదాన్ని. మామిడికాయల లారీల హారన్లు, గడ్డి వాసన, హమాలీల కేకలు. నవ్వుతారేమో, నా ఎం.ఏ. అంతా నేను పట్నంలోకెల్లా పెద్ద రొదలో కూర్చునే చదివాను, నిశ్శబ్దం మా ఇంట్లో ఆయనకే సరిపోయేది కాదు కాబట్టి.

ఇవన్నీ అప్పట్లో నాకు పెద్ద కష్టాలుగా అనిపించలేదు. ఆయన కష్టం కళ్ల ముందే ఉండేది. పెద్ద డాక్టరు తిట్టిన రోజు అన్నం కలుపుకుని తినకుండా లేచిపోయేవాడు, వార్డులో చనిపోయినవాళ్ల పేర్లు నిద్రలో కలవరించేవాడు. మూడేళ్లే కదా అనుకున్నాను. వారానికి ఒకసారి ఎల్బీ నగర్ చౌరస్తాకు వెళ్లి, మా నాయిన బస్సు తిరుగు ప్రయాణంలో అక్కడ ఆగే కాసేపు ఆయన్ను చూసి వచ్చేదాన్ని. టిక్కెట్ల సంచి మెడలో ఉండగానే ఆయన పాపను ఎత్తుకునేవాడు. అమ్మ పంపిన కారప్పూస డబ్బా నా చేతిలో పెట్టి, చదువు ఎట్ల నడుస్తుందని అడిగేవాడు. అప్పటికి ప్రపంచంలో నన్ను ఆ మాట అడిగేది ఆయన ఒక్కడే.

దగ్గు ఆయన పీజీ చివరి ఏడు చలికాలంలో మొదలైంది.

మొదట్లో ఎవరికీ పట్టలేదు, నాకూ పట్టలేదు. మా ఆడబిడ్డ మిరియాల పాలు తాగమన్నది. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే మా ఆయన, "డస్ట్ ఎలర్జీ ఉంటది, బయట తిరుగుతవ్ గదా" అని ఒక మాత్ర పేరు చెప్పాడు. ఆ బయట తిరగడం ఎందుకో ఆయనకు తట్టలేదు. మాత్రలు అయిపోయాయి, దగ్గు పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చగా ఉండేది, తెల్లవారేసరికి చెమటకు రవిక తడిసిపోయేది. కొన్నాళ్లకు మా ఆడబిడ్డ నా చాప, దుప్పటి తెచ్చి ముందుగదిలో వేసింది. నాకు ఊపిరాడుతుందని కాదు, నా దగ్గుకు ఆయన నిద్ర చెడుతోందని. "పరీక్షలు దగ్గరికొచ్చినయ్, వాని నిద్ర ఖరాబ్ చెయ్యకు" అన్నది. ఆయన ఆ మాట విన్నాడు. పగలంతా దవాఖానలో ముక్కూ మొహం తెలియనివాళ్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి వినే మనిషి, ఇంట్లో మధ్య తలుపు దగ్గరికి వేసుకుని పడుకునేవాడు.

ఫాల్గుణంలో మా వాళ్ల పెళ్లికి పోతే, చుట్టాలందరూ నేను సన్నబడి బాగున్నానని మెచ్చుకున్నారు. పట్నం నీళ్లు పట్టాయన్నారు. నా గాజులు చేతికి ఆగక మోచేతి దాకా జారిపోతున్నాయి. మా అమ్మ ఒక్కతే నన్ను వంటల దగ్గరికి, పొయ్యి వెలుతురులోకి లాక్కెళ్లి మొహం అటూ ఇటూ తిప్పి చూసి, అల్లుడికి చూపించావా అని అడిగింది. చూపించానన్నాను. ఏమన్నాడంటే, దుమ్మని అన్నాడన్నాను. డాక్టరు చెప్పాక ఆమె ఏమనగలదు?

మామిడికాయలు మార్కెట్టుకు రావడం మొదలైన రోజుల్లో, ఒక పొద్దున బట్టలు ఉతుకుతూ దగ్గితే సబ్బు నురగ మీద ఎర్రగా పడింది. నేను దాని మీద నీళ్లు గుమ్మరించి, బట్టలు ఆరేసి, అన్నం వండి, పాపకు తినిపించి, దాన్ని ఎత్తుకుని ఎల్బీ నగర్ దాటి ఒక చిన్న సర్కారు దవాఖానకు వెళ్లాను. మా ఆయన పనిచేసే చోటికి పోవాలని అనిపించలేదు. ఎందుకు అనిపించలేదో ఇప్పుడైతే చెప్పగలను. అప్పటికే నాకు ఆయన మీద కోపం వచ్చేసింది. దాన్ని కోపమని గుర్తుపట్టడానికే కొంత కాలం పట్టింది.

కఫం పరీక్ష, ఎక్స్‌రే అయ్యాక అక్కడి డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పెద్దావిడ, నెమ్మదస్తురాలు. ఇది టీబీ అని, మందులు సరిగ్గా వాడితే నయమైపోతుందని చెప్పి, కాగితం మీద రాస్తూ రాస్తూ, "మీ ఇంట్ల ఎవరికన్న టీబీ ఉన్నదా అమ్మా?" అని అడిగింది.

"లేదు మేడం. మా ఆయన టీబీ దవాఖానల పీజీ చేస్తున్నడు."

ఆమె కలం కింద పెట్టింది. "మరి ఈ దగ్గు ఆయన వినలేదా?"

"టైం దొరుకలే మేడం, పరీక్షలున్నయ్" అన్నాను. చూడండి, అప్పుడు కూడా ఆయన పక్షమే మాట్లాడాను. ఆమె నన్ను చూసిన చూపులో జాలి ఉంటే నేను భరించేదాన్ని. జాలి కాదది, చీదర. నా మీద కాదు, నా జవాబు మీద. ఆ చూపుకు నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను.

ఇంటికి వచ్చి ఎక్స్‌రే తీసుకెళ్లి ఆయన చదువుతున్న పుస్తకం మీద పెట్టాను. ఆయన కవరులోంచి ఫిలిం తీసి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకున్నాడు. ఎన్ని నెలలకో ఆయన నా వైపు శ్రద్ధగా చూడటం, అదీ నా బొమ్మను. "కుడి పైభాగంల క్యావిటీ" అన్నాడు, అంటే ఊపిరితిత్తికి బొక్క పడిందని, పెద్ద డాక్టరుకు జవాబు చెబుతున్న గొంతుతో. తర్వాత కవరు మీది పేరు చూశాడు. ఆయన మొహం తెల్లబోవడం నేను చూశాను, లేదని అబద్ధం చెప్పను. ఆయన అన్న మొదటి మాట ఏమిటంటే, "ఎవ్వరికీ చెప్పకు."

వాళ్ల పెద్ద డాక్టరుకు తెలిస్తే నవ్వుతాడు. తోటివాళ్లకు తెలిస్తే పేరు పోతుంది. ఇంకొన్ని వారాల్లో ఆయన ఫైనల్ పరీక్షలు. మా ఆడబిడ్డకు ఆ సాయంత్రమే తెలిసింది, ఆమె ఏడవలేదు, అరవలేదు, లేచి నా కంచం, నా గ్లాసు వేరే పెట్టింది. పాపను చంకనెత్తుకుని, "పిల్ల నా దగ్గరుంటది. నువ్వు మీ అమ్మగారింటికి పో, బాలింతరాలు ఎవరో ఉన్నరు, సాయానికి పోయిందని చుట్టాలకు చెప్త" అన్నది. పాపకు పరీక్షలు చేయించి, జాగ్రత్తకు ఇవ్వవలసిన మందు మొదలుపెట్టింది మా ఆయనే. అది చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పిల్లను కొన్నాళ్లు నాకు దూరంగా ఉంచాలన్నది కూడా సరైన మాటే. సరైన మాటలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. నేను చేసిందల్లా ఒక్కటే, మూడు వారాల్లో నా ఎం.ఏ. ఆఖరి పరీక్షలు ఉన్నాయని గుర్తు చేశాను.

"నీవి ఎటు పోతయ్, వచ్చే ఏడు రాసుకోవచ్చు" అన్నాడు ఆయన.

"మరి మీవి?"

"నాది వేరే."

ఇంత కాలం కాపురం చేశాను, ఆయన నాతో లక్ష మాటలు మాట్లాడి ఉంటాడు. వాటిలో కొన్ని చాలా మంచి మాటలు కూడా. కానీ నన్నెవరైనా మీ ఆయన నీతో ఏమన్నాడని అడిగితే నాకు మొట్టమొదట వినిపించేవి ఆ రెండు ముక్కలే. ఆయన కోపంతో అనలేదు. పొద్దున సూర్యుడొస్తాడు అన్నంత మామూలుగా అన్నాడు. అందుకే అవి పోవు.

మరునాడు మధ్యాహ్నం ఎల్బీ నగర్‌లో మా నాయిన బస్సు కోసం నిలబడ్డాను. విజయవాడ వైపు పోయే బస్సుల కోసం జనం, సంచులు, పళ్లబుట్టలు, ఆటోవాళ్ల పిలుపులు. నాయిన దిగుతూనే పాప ఏదని అడిగాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండడుగులు దూరంగా నిలబడి విషయం చెప్పాను. బస్సులోంచి ప్రయాణికులు ఎంతసేపని కసురుతున్నారు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నాయిన వాళ్ల వైపు చూడలేదు. మెడలో టిక్కెట్ల సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"నడువు బిడ్డా, బస్సెక్కు. ఇంటికి పోదాం" అన్నాడు.

"పరీక్షలున్నయ్ నాయినా."

"రాస్తవా, ఈ పానంతోటి?"

"రాస్త."

"మంచిది. రేపు బస్సు పట్నం వచ్చే యాల్లకు ఈడ్నే ఉండు" అని బస్సెక్కి విజిలు ఊదాడు. బస్సు కదిలాక కూడా ఫుట్‌బోర్డు మీద నిలబడి వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

మరునాడు బస్సులోంచి మా అమ్మ దిగింది, చేతిలో ఒక పరుపుచుట్ట, ఒక కిరసనాయిలు స్టవ్వు. వనస్థలిపురంలో నాయినతో పనిచేసే ఇంకో కండక్టరు ఇంటి వెనక భాగంలో ఒక గది ఖాళీగా ఉంటే అందులో దిగాం. జబ్బు సంగతి నాయిన ఆ ఇంటివాళ్లకు ముందే చెప్పేశాడు. దాచి గది తీసుకోవడం ఆయనకు చేతకాలేదు. కిటికీలు తెరిచి పెట్టుకొమ్మని మాత్రం ఆ ఇంటావిడ చెప్పిందట. పొద్దున్నే పరగడుపున గుప్పెడు మాత్రలు మింగితే మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పేది. మూత్రం ఎర్రగా వస్తే రక్తమేమోనని హడలిపోయి, మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరికే పరుగెత్తాను. అది మందు రంగమ్మా, భయపడకు అన్నది ఆమె. నాకు ఆ సంగతి చెప్పాల్సిన మనిషి అదే విషయం మీద పరీక్ష రాయడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో పుస్తకాలు తిరగేస్తున్నాడు. రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. గుమ్మం దగ్గరే నిలబడి, నా బరువు అడిగి, మాత్రలు లెక్క చూసి, తొందరగా వెళ్లాడు. అమ్మ ఆయనకు కుర్చీ వేసింది కానీ కూర్చోమని అనలేదు.

పరీక్షలు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కాలేజీలో పడ్డాయి. ఎండలు మండిపోతున్నాయి. ఇక నా నుంచి ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పాకే వెళ్లాను, అయినా కిటికీ పక్క బల్ల అడిగి తీసుకున్నాను. అమ్మ బయట వేపచెట్టు కింద మజ్జిగ సీసాతో కూర్చునేది. రెండో పేపరు రోజు వాంతి అయింది, బయటికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ రాశాను. బాగా రాశానని చెప్పను. రాశాను. ఆ కాలేజీ నుంచి మా ఆడబిడ్డ ఇల్లు నడిచేంత దూరం. పాప అక్కడే ఉంది. పరీక్ష రాసి, ఆ సందు మొదట్లో కాసేపు నిలబడి, తిరిగి బస్సెక్కేదాన్ని. గట్టిగా ఏడిస్తే దగ్గు వస్తుందని ఏడుపు కూడా కొంచెం కొంచెంగానే ఏడ్చాను.

ఆఖరి పేపరు అయిపోయిన మరుసటి వారం మళ్లీ కఫం పరీక్ష చేశారు, ఏమీ లేదని తేలింది. ఆ కాగితం పట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని, పాపను తెచ్చుకోవడానికి వెళ్లాను. మా ఆడబిడ్డ గేటు దగ్గర పాపకు పెరుగన్నం తినిపిస్తోంది. నన్ను చూడగానే పాప వెళ్లి ఆమె చీర కుచ్చిళ్లలో దాక్కుంది. "అమ్మా" అన్నది, నన్ను కాదు.

పిల్లను ఇవ్వమన్నాను. ఆమె ఇవ్వనన్నది. జబ్బు పూర్తిగా పోయేదాకా ఇచ్చేది లేదు, ఆర్నెల్లు కానీ, ఏడాది కానీ. "కన్నంత మాత్రాన పిల్లకు అంటిస్తవా?" అన్నది, గుసగుసగా కాదు, మొదటిసారిగా గొంతెత్తి. ఎదురింటి వాళ్లు అరుగుల మీదికి వచ్చారు. ఎవ్వరికీ చెప్పొద్దన్న జబ్బు ఆ పూట సందంతా విన్నది. మేడ మీది నుంచి మా ఆయన దిగి వచ్చాడు, చేతిలో పుస్తకం వేలు పెట్టి మూసి ఉంది. "లోపలికి పదండి, పరీక్షలు అయినంక మాట్లాడుకుందాం" అన్నాడు, ఇద్దరిలో ఎవరిని అంటున్నాడో తెలియకుండా.

నేను లోపలికి పోలేదు. అక్కడే, గేటు బయటే నిలబడి అడిగాను. "మీరు డాక్టరు గదా. మొగనిగ చెప్పకుండ్రి, తమ్మునిగ చెప్పకుండ్రి, డాక్టరుగ చెప్పుండ్రి. ఇప్పుడు నా నుంచి పిల్లకు అంటుతదా, అంటదా?"

ఆయన నా చేతిలో కాగితం అడిగి తీసుకున్నాడు. చదివాడు. వాళ్లక్క ఆయన మొహమే చూస్తోంది. నేనూ అదే చూస్తున్నాను. ఆమె చదువు, ఆమె బాల్యం, ఆమె చంకన మోసిన మనిషి ఆయన. నాకు ఆ క్షణంలో అవేవీ పట్టలేదు, ఆయన గనక అబద్ధం చెబితే ఈ గుమ్మం ఇక జన్మలో తొక్కను అనుకున్నాను.

"అంటదు" అన్నాడు.

గొంతు వినీ వినిపించకుండా ఉంది. మా ఆడబిడ్డ, "ఏందిరా?" అన్నది. ఆయన ఇంకోసారి, కొంచెం గట్టిగా, "అంటదక్కా. పిల్లనియ్యి" అని, తిరిగి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆమె పాపను ఇచ్చింది. దండెం మీద ఆరుతున్న దాని గౌన్లు తడిగానే లాగి నా మీదికి విసిరేసింది. పాప దారంతా అత్త కోసం ఏడ్చింది. ఎల్బీ నగర్ దాకా బస్సులో అందరూ మమ్మల్ని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లలా చూశారు. అది నా ఒళ్లో నిద్రపోవడానికి మళ్లీ చాలా రోజులు పట్టింది.

ఆ తర్వాతది తొందరగా చెబుతాను. ఆయన పరీక్ష పాసయ్యాడు. నేనూ పాసయ్యాను, రెండో తరగతిలో. ఆయన ఒక మధ్యాహ్నం మిఠాయి పొట్లంతో వనస్థలిపురం గదికి వచ్చి, ఈసారి మంచం మీద కూర్చుని, ఇంటికి పోదాం అన్నాడు. ఆ ఇంటికి రానన్నాను. తర్వాతి నెలలో ఎల్బీ నగర్‌లో కిరాయికి ఇల్లు చూశాడు. నా మందుల కోర్సు ఆ ఇంట్లోనే అయిపోయింది. కొన్నేళ్లకు నాకు సర్కారు జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, మొన్న మొన్నటి దాకా పాఠాలు చెప్పాను. మా ఆడబిడ్డ బతికినన్నాళ్లూ పండుగలకు వెళ్లాం. ఆమె నాతో గోడ వైపు చూస్తూ మాట్లాడేది, నేనూ అంతే. ఆమె పోయినప్పుడు చేయవలసినవన్నీ చేశాను, పసుపు రాశాను, చీర కప్పాను. మా అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది, దాని మనసులో ఆమె ఇంకో అమ్మే. నా కంట్లో నీళ్లు రాలేదు. పెద్దరికం వస్తే కోపాలు పోతాయంటారు. నా సంగతి నేను చెబుతున్నాను, పోలేదు.

మా ఆయన నన్ను క్షమించమని ఎప్పుడూ అడగలేదు. ఎల్బీ నగర్‌లో ఆయన ఆసుపత్రి పెట్టాక, మంచి హస్తవాసి అని పేరు వచ్చింది. బయట వరుసలో కూర్చున్నవాళ్ల దగ్గు విని లోపలి నుంచే లేచి వస్తాడని జనం చెప్పుకుంటారు. అది నిజమే. ఒకసారి ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు నాతో అన్నాడు, సార్ కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక డాక్టరు భార్య కేసు చెబుతారండీ, మూడు నెలలు ఇంట్లోనే దగ్గితే ఆ డాక్టరు పట్టించుకోలేదట, అది చెప్పేటప్పుడు సార్ గొంతు మారుతుంది అని. నేను వింటూ టీ పోస్తున్నాను. ఆ డాక్టరు పేరు చెబుతారా అని అడిగాను. చెప్పరండీ అన్నాడు. నాకు చెప్పవలసిన మాట నాకు తప్ప ఊరందరికీ చెబుతున్నాడన్న మాట. ఆ వేళ వచ్చిన కోపం, ఎక్స్‌రే రోజు వచ్చిన కోపానికి ఏమీ తీసిపోదు.

ఇప్పుడు మా ఆడబిడ్డ ఇల్లు లేదు, ఆ స్థలంలో అయిదంతస్తుల ఆడపిల్లల హాస్టలు లేచింది. పండ్ల మార్కెట్టు ఊరి బయటికి వెళ్లిపోయింది. ఎల్బీ నగర్ చౌరస్తా మీద వంతెనలు, వంతెనల మీద మెట్రో, కింద సొరంగ మార్గం. మా నాయిన బస్సు ఆగిన చోటు ఏదో నేను చూపించలేను, ఆయనా లేడు. ఈనాటి పిల్లలు నాకంటే నయం, ఇద్దరం చదువుతున్నాం, నీ డ్యూటీ ఇది, నా డ్యూటీ ఇది అని గోడకు కాగితం అంటిస్తారట, తేడా వస్తే గట్టిగా పోట్లాడతారట. పోట్లాడనీ. మేము పోట్లాడుకోకుండా గడిపిన ఆ మూడేళ్లలో నేను సగమయ్యాను.

మా ఆయన ఆసుపత్రి మానేసి రెండేళ్లయింది. ఇంట్లోనే ఉంటాడు. నేను వంటింట్లో పోపు వేస్తూ ఒక్కసారి దగ్గితే చాలు, ఏ గదిలో ఉన్నా, చేతిలో పని వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడతాడు. లోపలికి రాడు. ఏమీ అడగడు. మిరపకాయ ఘాటు అంటాను నేను, వెనక్కి తిరగకుండానే. వెళ్లడు. ఇంకో దగ్గు వస్తుందేమోనని చెవులు రిక్కించి అలాగే ఉంటాడు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లో, మధ్య తలుపుకు ఇవతల, చాప మీద కూర్చుని మోకాళ్లు పట్టుకుని దగ్గుతూ, ఈ మనిషి ఒక్కసారి లేచి వస్తాడేమోనని నేను ఎదురుచూసింది సరిగ్గా దీని కోసమే. ఇప్పుడు వచ్చాడు. పొమ్మనడానికి నోరు రాదు, రమ్మనడానికీ రాదు. స్టవ్వు ఆపి, ఆయనకు వినపడేలా ఒకసారి నిండుగా ఊపిరి తీసి వదులుతాను. అప్పుడు వెళతాడు.